మొదటి మాట నాకిచ్చారు

గుడ్ ఫ్రైడేకి పది రోజుల ముందు అమ్మగారు ఫోన్ చేశారు. పాస్టర్ గారి భార్యని మేమందరం అలాగే పిలుస్తాం. "ఈసారి స్త్రీల కూడిక తరఫున మొదటి మాట మీకిచ్చినం టీచరమ్మా, పది నిమిషాలు చెప్పాలె" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.

"తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిది. గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట. ఇరవై రెండేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను, పది నిమిషాలు మాట్లాడటానికి నాకు భయం లేదు. కానీ ఆ మాట చెప్పడానికి నిలబడితే నా ఎదురుగా, మగవాళ్ళ వైపు మూడో వరుసలో, ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయన్ని నేను క్షమించానో లేదో నాకే తెలియదు. అది తేల్చుకోకుండా మైకు ముందుకు ఎలా వెళ్ళడం? మూడు రాత్రులు నోట్‌బుక్ తెరిచాను, ఏమీ రాయకుండానే మూశాను.

ఆ పది రోజుల్లో చదివింది, తిట్టుకుంది, ప్రార్థించింది, చివరికి నేను నమ్మింది ఇక్కడ రాస్తున్నాను. మా సంఘంలో కొందరికి ఇది నచ్చదని తెలుసు.

ఒక సంతకం

హన్మకొండలో ఉండేవాళ్ళకు చిట్టీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పిల్ల పెళ్ళయినా, స్లాబు వేయాలన్నా చిట్టీ మీదే. ఆ మూడో వరుస అన్నకి 5 లక్షల చిట్టీ ఉండేది, 50 నెలలు, నెలకు 10,000. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసేవాడు. ఎనిమిదో నెలలోనే పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే జమానతు కావాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చాడు. "నీది గవర్నమెంట్ నౌకరి చెల్లె, నీ సంతకం ఉంటే మారుమాట లేకుండ ఇస్తరు" అన్నాడు. నేను, ఇంకో ఇద్దరు సంతకాలు పెట్టాం. ఒకే సంఘం, ప్రభు సంస్కారంలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్ళం. అనుమానం రావడానికి ఏముంది?

రెండేళ్ళు కట్టాడు. ఆ తర్వాత మిర్చి ధర పడిపోయింది, కిస్తీలు ఆగిపోయాయి. నోటీసులు ముగ్గురికీ వచ్చాయి. మిగతా ఇద్దరిలో ఒకరు రిటైరయ్యారు, ఇంకొకరిది ప్రైవేటు ఉద్యోగం. సులువుగా పట్టుకోగలిగిన జీతం నాదొక్కటే. నెలకు 9,000 చొప్పున 20 నెలలు కట్ అయింది. 1,80,000. ఆ రెండేళ్ళే మా పాప ఇంటర్. రెండు తులాల గొలుసు బ్యాంకులో పెట్టాం, విడిపించుకోలేకపోయాం.

ఆ అన్న చెడ్డవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నష్టం నిజంగానే వచ్చింది. నా బాధ ఆయన మౌనం. ప్రతి ఆదివారం "వందనాలు చెల్లె" అంటాడు. ఆ సంతకం గురించి ఒక్క మాట లేదు. తర్వాత కోలుకున్నాడు, కొడుక్కి బైక్ కొన్నాడు, అప్పుడూ లేదు. ఒకసారి కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాడు. ప్రభువు తన పాపపు అప్పంతా కొట్టేశాడనీ, తనను పరిశుద్ధపరచి కొత్త మనిషిని చేశాడనీ కన్నీళ్ళతో చెప్పాడు. సంఘమంతా "స్తోత్రం" అంది. నా నోరు పెగల్లేదు. ఆ నెల నేను బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

అది గమనించి అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, ఇంటికొచ్చారు. మంచి మనిషి. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు అయ్యగారు రెండు రాత్రులు బెంచీ మీద పడుకున్నారు. నేను సంగతి చెప్పాను. విని, "డబ్బు పోతే పోయిందమ్మా, చేదు వేరు మాత్రం లోపల ఉంచుకోవద్దు. క్షమించి వదిలెయ్యండి, పరిశుద్ధత లేకుండా ప్రభువును చూడలేం" అన్నారు. ప్రార్థన చేసి టీ తాగి వెళ్ళారు. ఆయన వెళ్ళాక నాకు కోపం రాలేదు. తప్పు చేసింది నేనే అన్నట్టు అనిపించింది. ఆలోచిస్తే అదే వింత. ఆ మూడో వరుస ఇంటికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

పరిశుద్ధత అంటే మాకు నేర్పింది

అయ్యగారు గుర్తుచేసింది హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం. "అందరితో సమాధానమును పరిశుద్ధతయు కలిగియుండుటకు ప్రయత్నించుడి." ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి, ఆ రెంటినీ కలిపి చదవడం మాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు మాకు పరిశుద్ధత అంటే సినిమాకు పోకపోవడం, కల్లు ముట్టకపోవడం, బతుకమ్మ ఆడకపోవడం, నగలు పెట్టుకోకపోవడం. యవ్వనస్థుల కూడికల్లో ఇప్పటికీ సగం ప్రసంగం ఫోన్ల మీదా, ఆడపిల్లల బట్టల మీదా నడుస్తుంది. అందులో కొన్ని మంచివే. కల్లు మానేసిన ఇంట్లో అన్నం ఉడకడం నేను కళ్ళారా చూశాను. దాన్ని చిన్నచూపు చూడను.

కానీ "నేను పరిశుద్ధుడను గనుక మీరు పరిశుద్ధులై యుండవలెను" అన్న మాట ఎక్కడుందో వెతికి, ఆ అధ్యాయం మొత్తం చదివి చూడండి. లేవీయకాండం 19. ఆ మాట తర్వాత వచ్చేవి ఏమిటి? పొలం కోసేటప్పుడు అంచులు బీదల కోసం వదలాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు. త్రాసు, తూనికరాళ్ళు సరిగా ఉండాలి. మార్కెట్టుకు పత్తో మిర్చో తీసుకెళ్ళి, కాంటా దగ్గర గుండె అదురుతూ నిలబడ్డ రైతుకు ఈ అధ్యాయం ఎవరూ వివరించక్కర్లేదు. అక్కడ పరిశుద్ధత అంటే మనిషికీ మనిషికీ మధ్య లెక్క సరిగ్గా ఉండటం.

పగ గురించిన మాట కూడా అదే అధ్యాయంలో ఉంది. సహోదరుడి మీద హృదయంలో పగ పెట్టుకోవద్దు, వాణ్ణి తప్పక గద్దించు, ప్రతీకారం చేయకు, నీలాగే నీ పొరుగువాణ్ణి ప్రేమించు. ఇవి రెండు వరుస వచనాలు. పగ వద్దన్న చోటే గద్దించమని ఉంది, గద్దించమన్న చోటే ప్రేమించమని ఉంది. మేము పగ వద్దన్న ముక్క ఒక్కటే తీసుకుని, అది కూడా నష్టపోయినవాళ్ళకే చదివి వినిపిస్తున్నాం.

బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి వెళ్ళమన్న మాట మత్తయి 5లో ఉంది కదా. ప్రభు సంస్కారానికి ముందు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నాకే తగిలేది, నాలో కోపం ఉంది కాబట్టి నేనే వెళ్ళి సమాధానపడాలని. ఈసారి నిదానంగా చదివితే ఆ మాట నాకు కాదు. నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే వెళ్ళమంటున్నాడు. అంటే కదలాల్సింది తప్పు చేసినవాడు. ధర్మశాస్త్రంలో కూడా అంతే. ఒకరి సొమ్ము కాజేసినవాడు దేవుడికి బలి తెచ్చే రోజునే అసలు తిరిగివ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. నా లెక్కలో అది 36,000. ఆ 36,000 నాకు వద్దు. దేవుడు ఆ అంకె వేసి పెట్టాడన్న సంగతి మాత్రం నాకు కావాలి. సుంకం వసూళ్ళలో సొమ్ము చేసుకున్న జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాక కదా "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు యేసు. రక్షణ డబ్బిచ్చి కొనుక్కున్నాడని నేననను. రక్షణ వచ్చిన ఇంట్లో డబ్బుసంచి మూతి కట్టేసి ఉండదు, అంతే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వదిలేసే హక్కు నాది. నా తరఫున వదిలేసినట్టు ప్రకటించే హక్కు సంఘానికి లేదు. వదిలేసి ఉంటుందిలే అనుకునే హక్కు బాకీ ఉన్నవాడికి లేదు. క్షమించమని నష్టపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళే పాస్టరు, అదే సాయంత్రం నష్టం చేసినవాళ్ళ ఇంటికి కూడా వెళ్ళాలి. అలా వెళ్ళకపోతే మనం పరిశుద్ధత అని పిలుస్తున్నది బట్టలకీ నోటికీ మాత్రమే పరిమితం.

అమ్మమ్మ ప్రార్థన

ఇది నా ఒక్కదాని చిట్టీ గొడవ కాదని చెప్పడానికి మా అమ్మమ్మని తలుచుకోవాలి.

అమ్మమ్మది పరకాల దగ్గర పల్లె. దొర ఇంట్లో వెట్టి చేసిన మనిషి. వానాకాలం తిండి లేక నాగుకు వడ్లు తెచ్చుకునేవారట, బస్తాకు బస్తన్నర తిరిగి కొలవాలి. కొలిచేది దొర మనిషి, కుంచం దొరది. చదువు రాదు గానీ పరలోక ప్రార్థన నోటికి వచ్చు. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోట ఆమె ఎప్పుడూ ఆగేది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఎందుకని అడిగాను. "మనకు అప్పున్నోళ్ళు ఎవలున్నరే బిడ్డా? ఎప్పుడు జూసినా మనమే గదా అప్పున్నోళ్ళం" అంది.

చాలా ఏళ్ళు ఆ మాటని అమాయకత్వం అనుకున్నాను. ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. ఊరంతా ఆమెకి బాకీ. చేసిన వెట్టికి కూలి బాకీ, తాగనివ్వని బావి నీళ్ళు బాకీ, గడప బయట నిలబెట్టిన రోజులు బాకీ. ఒక్కరూ బాకీ ఉన్నామని అనలేదు కాబట్టి తనకి ఋణస్థులే లేరనుకుంది. ఎవరూ ఒప్పుకోని బాకీని ఆమె ఎలా క్షమిస్తుంది? ఏమని క్షమిస్తుంది? మన సంఘాల్లో మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. మనకి క్షమాపణ గురించి చెప్పినవాళ్ళు, మనకు రావలసింది ఏమిటో ముందు చెప్పి ఉంటే బాగుండేది.

అలా చెప్పినవాడు ఒకాయన మన దగ్గరే ఉన్నాడు. కాజీపేట నుంచి విజయవాడ వైపు రైలెక్కితే మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. అక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకెంతో త్యాగం చేశారు గానీ మమ్మల్ని సమానులుగా చూడలేదు అన్న అర్థంలో మాట్లాడాడు. "మాకు స్నేహితులను ఇవ్వండి" అని ముగించాడు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. ఆయన మాత్రం వాళ్ళతో తెంచుకోలేదు. 1945లో చనిపోయేదాకా వాళ్ళతో కలిసే పనిచేశాడు. పగ పెట్టుకోకుండా గద్దించడం అంటే ఏమిటో నాకు లేవీయకాండం కంటే ముందు ఈయన జీవితంలోనే కనబడింది.

నన్ను నిద్రపోనివ్వని వాక్యాలు

ఇంతవరకు రాసి ఆపేస్తే అది నాకు అనుకూలమైన వ్యాసం అవుతుంది. కానీ మార్కు సువార్త 11వ అధ్యాయం నన్ను వదల్లేదు. ప్రార్థన చేయడానికి నిలబడినప్పుడు నీకు ఎవరి మీదైనా విరోధం ఉంటే క్షమించు అంటాడు యేసు. అక్కడ అవతలివాడు వచ్చాడా, ఒప్పుకున్నాడా, కట్టాడా అన్న షరతే లేదు. నిలబడిన చోటే క్షమించాలి. లూకా 17లో మాత్రం గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని ఉంది. ఏది పట్టుకోవాలి?

నాకు అర్థమైనంతలో, పగ వదలడం ఆ అన్న నా దగ్గరికి రాకముందే నేను చేయాల్సిన పని. మళ్ళీ కలవడం ఇద్దరం కలిసి చేయాల్సిన పని. మొదటిదానికి ఆయన అవసరం లేదు. రెండోదానికి ఆయన నోరు విప్పాలి. ఈ రెంటికీ మనం "క్షమాపణ" అనే ఒకే మాట వాడుతున్నాం, అందుకే ఇంత చిక్కు.

ఈ తేడా తెలియక ఆడవాళ్ళ ప్రాణాల మీదికి తెస్తున్నాం. మా కూడికకు వచ్చే ఒక చెల్లెలు, మొగుడు కొడితే పెదవి పగిలి వచ్చింది. ఏడు డెబ్బైల సార్లు క్షమించమని ప్రభువు చెప్పాడు కదా అని పెద్దవాళ్ళు సర్దిచెప్పి పంపారు. నేనూ అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. క్షమించడం అంటే దెబ్బలు తినడానికి మళ్ళీ అదే ఇంటికి వెళ్ళడం కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారిని చూడండి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో భర్తనీ, పదేళ్ళ కొడుకునీ, ఆరేళ్ళ కొడుకునీ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె క్షమించానని బయటికే చెప్పింది. బారిపదలో కుష్ఠురోగుల సేవ మానలేదు, 2004 దాకా అక్కడే ఉంది. క్షమాపణ వేరు, చట్టం పని వేరు అని కూడా ఆమే చెప్పింది. కేసు నడిచింది, ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ గొప్పదని ప్రతి గుడ్ ఫ్రైడేకీ చెబుతాం. కోర్టు సంగతి చెప్పం.

ఇక అసలు కష్టమైనది, మత్తయి 18లోని పదివేల తలాంతుల కథ. రాజు ఒక దాసుడికి పదివేల తలాంతుల అప్పు వదిలేస్తాడు, ఆ దాసుడు తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి మాత్రం వదలడు. అందులో అప్పు డబ్బే, రాజు వదిలేసింది డబ్బే. అయితే ఆ దుష్టుడైన దాసుడు నేనేనా? కాగితం మీద లెక్క వేశాను. దేనారం ఒక రోజు కూలి. మా వైపు కూలి 600 అనుకుంటే, తోటి దాసుడు ఇవ్వాల్సిన నూరు దేనారాలు 60,000. చాలా ప్రసంగాల్లో దాన్ని చిల్లర డబ్బని చెబుతారు. మూడు నెలల పైచిలుకు కూలి చిల్లర కాదు. నీకు జరిగిన నష్టం చిన్నదని యేసు ఎక్కడా అనలేదు, అది నాకు ధైర్యం. కానీ తలాంతంటే దాదాపు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసేవాడికి రెండు లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ అంకె పక్కన నా 1,80,000 రాసి చాలాసేపు చూశాను. నేను దేవుడికి బాకీ ఉన్నదాంట్లో, ఆ పెదవి పగిలిన చెల్లెలు దగ్గర నేను మూసుకున్న నోరు ఒక్కటే ఎంత అవుతుందో.

మా పాప ఇంకో వాదన తెచ్చింది. "ఏడో ఏట అప్పులన్నీ విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది కదమ్మా, నీకు ఏడేళ్ళయింది" అంది. నిజమే, 15వ అధ్యాయం. జవాబు దొరకక రెండు రోజులు తిరిగాను. అక్కడ విడిచిపెట్టమన్నది అప్పిచ్చినవాడితో. అప్పు ఉందని ఊరికి తెలుసు, అందుకే విడుదల అన్నదానికి అర్థం ఉంది. ఆ అన్న తిండికి లేని స్థితిలో ఉంటే నేను నిజంగానే వదిలెయ్యాలి, అందులో నాకు సందేహం లేదు. ఇప్పుడు కూడా ఏదో ఒక రోజు వదిలేస్తానేమో. కానీ లేనట్టు నటిస్తున్న అప్పుని ఎలా విడుదల చేయను?

గొంతు పట్టుకోవడం

ఆ కథలో రాజుకి కోపం తెప్పించింది ఏమిటి? తోటి దాసుడి "గొంతుపట్టుకొని" అడగడం. అడగడం గురించి కాదు, గొంతు గురించి రాజు కోపం అని నాకు అనిపించింది. అలా అనిపించి ఊరట పడబోతుండగా, కథకి ఎనిమిది వచనాల ముందు ఉన్న మాట కంటపడింది. "నీవు పోయి, నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము, అతడు నీ మాట వినినయెడల నీ సహోదరుని సంపాదించుకొంటివి."

ఏడేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు.

మా అక్కకి చెప్పాను. స్టాఫ్‌రూంలో చెప్పాను. అమ్మగారికి చెప్పాను, అయ్యగారికి చెప్పాను, దేవుడికైతే రోజూ చెప్పాను. ఆయనకి తప్ప అందరికీ చెప్పాను. మర్యాద కొద్దీ ఊరుకున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. అది మర్యాద కాదు. నష్టపోయినదాన్ని నేనన్న స్థానం నాకు ఇష్టంగా ఉండేది. ఆయన సాక్ష్యం చెబుతుంటే లోపల నేను ఆయన గొంతు పట్టుకునే కూర్చున్నాను, ఎవరికీ కనబడలేదు అంతే. అయ్యగారు నా ఇంటికి వచ్చి వేలు పెట్టింది తప్పు చోట కాదు. ఆయన ఇంకో ఇంటికి కూడా వెళ్ళి ఉండాల్సింది, అది నిజం. నా ఇంట్లో ఆయన చూసింది కూడా నిజం.

బుధవారం సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ అన్న, వదిన ఇద్దరూ ఉన్నారు. టీ ఇచ్చారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, చిట్టీ మాట ఎత్తి, నా జీతంలో 1,80,000 కట్ అయిందని చెప్పాను. వదిన చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. "లక్షా ఎనభై వేలా?" అంది. ఆమెకి తెలియదు. మిగతా కిస్తీలు కంపెనీ వాళ్ళే మాఫీ చేశారని ఆయన చెప్పాడట. ప్రభువు ఒంటరిగా అని ఎందుకన్నాడో ఆ క్షణంలో అర్థమైంది. ఆయన్ని బయటికి పిలిచి మాట్లాడి ఉండాల్సింది. ఆ తప్పు నాది, వచ్చేముందు ఆమె చేతులు పట్టుకుని చెప్పాను.

అన్న చాలాసేపు నేల చూశాడు. తర్వాత, "ఏడేండ్ల సంది ప్రతి ఆదివారం ఇయ్యాల అడుగుతవేమో అనుకునేటోన్ని చెల్లె. నువ్వు అడగకపోతివి, నాకు చెప్పబుద్ధి కాకపాయె" అన్నాడు. ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. నెలకు మూడు వేలు ఇస్తానన్నాడు. సరేనన్నాను. అన్నీ ఒకేసారి కావాలని గానీ, ఏమీ వద్దని గానీ నేను అనలేదు.

శుక్రవారం నా పది నిమిషాలు చెప్పాను. క్షమించమని తండ్రిని అడిగిన నోటితోనే ఆయన, శాస్త్రుల గురించీ వాళ్ళు దిగమింగిన విధవరాండ్ర ఇళ్ళ గురించీ దాచకుండా చెప్పాడని గుర్తుచేశాను. ఏమి చేస్తున్నారో ఎరుగనివాళ్ళ కోసం ఆయన వేడుకున్నాడు, మనమైతే చాలాసార్లు ఎరిగే చేస్తాం, అందుకే ఒకరికొకరం చెప్పుకోవాలి అన్నాను. చిట్టీ మాట ఎత్తలేదు. మూడో వరుస వైపు చూడకుండా మాట్లాడదామనుకున్నాను గానీ, మధ్యలో ఒకసారి చూశాను. ఆయన తల దించుకుని బైబిల్లో ఏదో వెతుకుతున్నాడు. ఈస్టర్ రోజు రొట్టె తీసుకున్నాను. వదిన నాకు రెండు వరుసల ముందుంది. వెనక్కి తిరగలేదు.

మే ఒకటో తారీఖున ఫోన్‌పేలో 3,000 వచ్చాయి. జూన్‌లో మూడో తారీఖున వచ్చాయి. జులైలో రాలేదు. ఇవాళ పన్నెండు. మళ్ళీ వానాకాలం, ఆయనకి చేతిలో డబ్బు ఆడే రోజులు కావివి, తెలుసు. ఊరుకుందామని ఒక మనసు, ఊరుకుంటే మళ్ళీ ఆ ఏడేళ్ళలోకే వెళ్తానని ఇంకో మనసు. ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునే చోట ఆయన ఒక్కడే ఉన్నప్పుడు ఆగి, "అన్నా, ఈ నెల ఏమైంది?" అని అడగాలి. నిన్న రాత్రి నుంచి ఆ ఒక్క వాక్యాన్నే, గొంతు మామూలుగా ఉండేలా, పైకి అని చూసుకుంటున్నాను.